ఒక్క ముక్క మిగల్చు

హలో… ఆ, నేనే, అక్కనే. ఎల్యోర్, వినపడుతోందా…

హమ్మయ్య. ఎందుకెత్తవురా ఫోను, ఇక్కడ మా ప్రాణాలు పోతున్నాయి… సీటు కింద పడిపోయిందా. సరే, సరే. పలికావు, అదే పదివేలు.

ఎక్కడున్నావో సరిగ్గా చెప్పు… కనుమ ఎక్కేశావు… సొరంగం ఇంకా రాలేదు… ఉండు, మీ బావకి చెప్పనీ. ఏవండీ, సొరంగానికి ఇవతలేనట, మూసేసిన టీకొట్టు పక్కన, తెల్ల వ్యాను… ఆ, చెప్పాను. మంచు తీసేవాళ్ళతో ఆయన ఇంకో ఫోన్లో మాట్లాడుతున్నారు.

తెల్లబండి కొనొద్దురా, మంచులో కనపడదు అని మొత్తుకున్నా, విన్నావా… కొకంద్‌లో అందరివీ తెల్లవే అయితే నువ్వూ తెల్లదే కొనాలా… నవ్వు, నవ్వితే మంచిదే.

ఇంజను నడుస్తోందా… ఆపెయ్.

— చలేస్తుందని తెలుసు. చెప్పింది విను. పొగగొట్టం మంచులో పూడిపోయుంటుంది, ఆ పొగంతా లోపలికే వస్తుంది… తలనొప్పా? ఎప్పట్నుంచి… నీకు దణ్ణం పెడతాను, ఆపెయ్యరా…

ఆ. చప్పుడు ఆగింది. ఇప్పుడు అద్దం కాస్త దించు… పడనీ, మీద పడ్డ మంచు దులుపుకోవచ్చు. ఆ పొగ అలా దులుపుకుంటే పోదు. నాన్న కోటు కప్పుకో. పరుపు వెంట వేసుకెళ్ళమన్నా, కజకిస్తాన్‌లో పరుపులు దొరకవా అన్నావు…

ఏమిటీ… లేదు. నిద్రపోకూడదు. కాసేపు కూడా కాదు. ఎల్యోర్, కళ్ళు మూశావా… తెరువు. తెరిచి నాతో మాట్లాడు. మంచు తీసే యంత్రం బయల్దేరిందట, ఒక్కో బండీ తవ్వి చూసుకుంటూ వస్తున్నారట. వాళ్ళొచ్చేదాకా నువ్వు నోరు ముయ్యడానికి వీల్లేదు. చిన్నప్పుడు ముయ్యమంటే మూసేవాడివి కాదుగా…

అమ్మా? ఇక్కడే ఉంది. మేకు కింద కూర్చుంది. పొద్దున్న నువ్వు కొరికి వెళ్ళిన రొట్టె గుడ్డలో చుట్టి మేకుకి తగిలించింది కదా, నువ్వు తిరిగొచ్చి మిగతాది తినేదాకా అక్కణ్ణించి లేవనంటోంది… లేదు, ఫోన్ ఇవ్వను. ఆవిడ ఏడిస్తే నువ్వూ ఏడుస్తావు.

ఇలా చెయ్. నా రొట్టెల కొట్టుకొచ్చావనుకో. బస్టాండు ముందు, ఎప్పుడూ నిలబడేచోటే నిలబడ్డావు. ఏం కావాలో అడుగు, నేను కడతాను… ఏదో ఒకటి ఏమిట్రా. ఏదో ఒకటి పెట్టడానికి అది నా కొట్టేనా…

మాంసం. ఆ. నిప్పుల మీద కాల్చిన గొర్రె. తర్వాత… తోకకొవ్వు, ముక్కకీ ముక్కకీ మధ్య. నాకు తెలుసు నువ్వు అదే అంటావని. సరే, రొట్టె విప్పాను. ముందు టమాటా పరుస్తున్నా… వద్దా? ఎందుకు వద్దు…

ఆ, రొట్టె నానిపోతుంది. మరి ముందు ఏం చెయ్యాలి… చెప్పు, నేను మర్చిపోయా… కొవ్వు కారేటప్పుడే రొట్టె లోపలి వైపు దానికేసి రుద్దాలి. శభాష్. ఆ తర్వాత ఉల్లిపాయ. లావుగా తరిగి వేసేస్తున్నా…

తిట్టు, తిట్టు. పల్చగా తరిగి, చన్నీళ్ళలో పిసికి, వెనిగర్ చల్లాలి, అంతేనా… జీలకర్ర మాంసంలోనే పడాలి, పైన చల్లితే పంటికింద గడ్డిలా ఉంటుంది. చూశావా, అన్నీ తెలుసు నీకు. మేస్త్రీ పనికని ఎక్కడికో పోకపోతే నా పక్కనే నిలబడి అమ్మేవాడివి కదరా…

ఎల్యోర్? … ఎల్యోర్, తులసి వాసనొచ్చే రైహాన్ ఆకు వెయ్యాలా వద్దా?

… పలకవేం? హారన్ కొట్టు, హారన్ కొట్టు…

విన్నా. విన్నా. భయపెట్టకురా అలా.

కడుపులో ఏమైనా ఉందా నీకు… పొద్దున్న దారిలో రెండు సమోసాలు. నేను కట్టిచ్చిన సంచీ పక్కనుండగా సమోసాలు. సరే, నీ సంగతి ఇంటికొచ్చాక చెప్తా. తియ్యి సంచీ. కరెంటు లేక చీకట్లో కట్టాను, అయినా మాంసం నిండుగా పెట్టాను… గట్టిపడిందా? చలికి పడుతుంది. చంకలో పెట్టుకుని వెచ్చచేసి కొరుకు… రొట్టెకి చాకు తగలకూడదని చేత్తోనే విప్పానులే, అమ్మ పక్కనే ఉంది…

ఏమిటి? మళ్ళీ చెప్పు.

— ఓ పక్క చిరిగుందా. చిరిగుంటే ఏమైంది…

కొరికినట్టా.

… ఎంత మేర? … వంకరగానా. నీ ముందు పన్ను విరిగినచోట చిన్న నాలుకలా మిగిలి…

ఉండు. తినకు. కాసేపు ఆగు. ఫోన్ పెట్టెయ్యకు, నేను లేచి చూస్తా.

అమ్మా, కాస్త జరుగు… ఏం లేదు, మూట వదులైనట్టుంది, బిగిద్దామని… నువ్వు కూర్చో. కూర్చో అమ్మా.

…

ఎల్యోర్. మెల్లగా మాట్లాడుతున్నా, అమ్మకి వినపడకూడదు. ఇక్కడ మూటలో ఉన్నది నిండు రొట్టె. ఎవరూ కొరకలేదు. నువ్వు కొరికింది నీ చేతిలో ఉంది.

నా వల్లేరా. రెండూ ఒకే పొయ్యిలో కాల్చినవి, రెండింటికీ ఒకే రకం గుడ్డ. చీకట్లో నేను అమ్మ చుట్టినదాన్ని విప్పినట్టున్నా. వేళ్ళకి చిరుగు తగిలింది, పొయ్యిలోంచి తీస్తుంటే చిరిగిందనుకుని ఆ వైపు అదిమేసి మాంసం కూరాను. అమ్మ రెండో మూట విప్పి చూడకుండా తగిలించేసింది.

లేదు, నువ్వు ఏం తప్పు చెయ్యలేదు… రహీమ్ మామ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుతావు. మేకుకి తగిలించిన ఆయన రొట్టె ఎలకలు తిన్నాయి. ఆయన రాకపోవడానికి ఎలకలే కారణమా… నాకు తెలీదు. నాకూ భయంగానే ఉంది. చాలా భయంగా ఉంది. పొద్దున్నుంచీ అమ్మ ఆ మేకుని చూసే ధైర్యంగా ఉంది, నేను అమ్మని చూసి. ఇప్పుడు దేన్ని చూడాలో తెలీడం లేదు.

పక్కన పెట్టెయ్ దాన్ని. బోర్లా పెట్టకు, రొట్టెని అలా పెట్టకూడదు. సంచీలో ఇంకేమైనా ఉందా… అక్రోటు… ఎండు ద్రాక్ష కూడా లేదా. నీళ్ళు… గడ్డకట్టాయా.

ఏమన్నావ్? మాట ముద్దగా వస్తోంది. మళ్ళీ చెప్పు… ఎల్యోర్, చలి వెయ్యడం లేదంటావేం. ఇందాక వేసింది కదా. వెయ్యాలి నీకు. వణుకుతున్నావా… వణుకు ఆగిపోయిందా…

ఏవండీ, వాళ్ళెక్కడున్నారో అడగండి. గట్టిగా అడగండి. వీడికి వణుకు ఆగిపోయిందట…

— అమ్మా. నువ్వెప్పుడు లేచావు.

…

ఎల్యోర్, అమ్మ అంతా వింది. మూట విప్పి చూసుకుంది. నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది… ఉండు, ఏదో చెప్తోంది.

తినమంటోంది.

అవును, ఆ రొట్టే. నీకు చెప్పమంటోంది, వచ్చాక మిగిలిందే కదా తినాలి, ఎంత మిగలాలో మాత్రం ఎవరూ చెప్పలేదట. ఒక్క ముక్క మిగల్చమంటోంది. నీ పన్ను పడినచోటిది. అది ఇంటికి తెచ్చి, ఆ మేకు కింద నిలబడి తినాలట. అమ్మ మాట ఇది, నాది కాదు. నా మాట నమ్మవని తెలుసు.

తింటున్నావా… నోట్లో పెట్టుకో. నమలు. గట్టిగా నమలరా, నాకు వినపడాలి… ఆ. వినపడుతోంది. అమ్మా, నములుతున్నాడు. చిన్నప్పుడు నువ్వలా నమిలితే నెత్తిన మొట్టేదాన్ని, దూడలా ఏంటా చప్పుడని. ఇవాళ ఎంత చప్పుడు చేసినా ఏమీ అనను.

ఉప్పు సరిపోయిందా… ఎక్కువైందా? నా చేతిలో ఉప్పు ఎక్కువవడమా… సరే, ఎక్కువే. ఏడుస్తూ కట్టాను, అందుకేమో. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదురా. చెప్తే ఆగిపోతావని చెప్పలేదు.

ఇంకో ముక్క. కొవ్వు వదలకు, ఒంటికి వేడి అదే ఇస్తుంది… ఉల్లిపాయ కరకరలాడుతోందా. చన్నీళ్ళలో పిసికాను, నువ్వెప్పుడూ చెప్పేట్టే…

ఆగు, చివరిది అదేనా… అది తినకు. పిడికిట్లో పెట్టుకో. జేబులో వద్దు, పడిపోతుంది. పిడికిట్లో… ముయ్యి. గట్టిగా. మూశావా?

… మూశావా అని అడుగుతున్నా.

ఎల్యోర్.

ఎల్యోర్, నమలడం ఆపేశావేం. ఏదో ఒకటి అను. హారన్ కొట్టు… ఒక్కసారి… నాన్నా, ఒక్కసారి…

వినపడటం లేదమ్మా. నాకేం వినపడటం లేదు. లైను ఉంది, గాలి వినపడుతోంది, వీడు వినపడటం లేదు… ఏవండీ, వాళ్ళని హారన్ విన్నారేమో అడగండి, టీకొట్టు దగ్గరికొచ్చారేమో అడగండి… ఎల్యోర్, తమ్ముడూ, రైహాన్ ఆకు వెయ్యాలా వద్దా? చెప్పు, నేను వేసేస్తున్నా, గుత్తంతా వేసేస్తున్నా, నీకు పడదు కదా, తిట్టు నన్ను…

…

ఏంటా చప్పుడు. ఎవరది. అద్దం మీద కొడుతున్నారా…

— హలో? హలో, ఎవరండీ… అన్నా, నేను వాడి అక్కని. వాడికి ఊపిరి… ఉందా. ఉందా? అమ్మా, ఉందట. కూర్చో, పడిపోతావు, కూర్చో… కళ్ళు తెరిచాడా… తిట్టాడా? ఏమని… ఆకు వద్దన్నాడా.

అవునన్నా, వాడికి ఆ ఆకు పడదు.

కంబళి చుట్టండి. వేడి టీ పట్టించండి… కప్పు పట్టుకోవడం లేదా. ఎందుకు… కుడిచెయ్యి విప్పడం లేదా. వేళ్ళు తీసి చూస్తున్నారా…

తియ్యకండి. అన్నా, మీ కాళ్ళు పట్టుకుంటా, లాగకండి దాన్ని. కప్పు మీరే నోటికి పట్టండి. వాడు పారేసుకునేది కాదు, మీరు తీసుకునేదీ కాదు… అవును, రొట్టె ముక్కే…

మీకు తెలుసా. మీ ఇంట్లోనూ ఒకటి తగిలించుందా… అయితే మీకు చెప్పేదేముందన్నా. అలాగే తీసుకురండి, పిడికిలి మూసే ఉంచి. ఇంటికొచ్చాక మా అమ్మ విప్పుతుంది.