గాసన్న ఏసిన కమాన్లు

గాసన్న కమ్మరోడు. కొండ కింద కొలిమి ఎట్టుకుని, పాత లారీల కమాను పట్టీలు తెచ్చి కత్తులు, గొడ్డళ్లు కొట్టీవోడు. ఆ ఇనుముంది సూడండి, వొంగుతాది గానీ విరగదు, మళ్లీ దాని వొంపుకి అదే వొచ్చీస్తాది. అందుకే లారీలోళ్లు పట్టీ మీద పట్టీ పేర్చి సక్రాల మీద ఏస్తారు. అలాటి గాసన్న కాడికి ఒకనాడు జీపు నడిపే సుక్రు వొచ్చి కూకున్నాడంట. మొకం వేలాడేసుకున్నాడు. ఏటల్లుడా అంటే, "మావా, నా జీపుకి ముందర సుట్టల స్ప్రింగులు. తార్రోడ్డుకి బాగుంటాది గానీ మన రాళ్లదారిలో పదిమందెక్కితే ముక్కు నేలకి దిగిపోతంది. ఈ ఏడు మూడు స్ప్రింగులు విరిగిపోనాయి. జనం మళ్లీ నడిసే సంతకెల్తన్నారు. నన్నొక్క మాటనరు, తల దించుకుని పక్కనుంచి ఎల్లిపోతారు. ఆటిని పీకీసి కమాన్లు ఏసిపెట్టు" అన్నాడంట.

పుట్టి బుద్ధెరిగి బండెక్కనోణ్ణి, బండి సంగతి నాకేటి తెలుస్తాది అన్నాడు గాసన్న. అన్నాడు గానీ సేతులూరుకుంటాయా? వారం దినాలు అదే పని అనుకోండి. పట్టీల్ని నిప్పులో ఎట్టలేదు, నిప్పు తగిల్తే ఆటి బలం పోతాదని సల్లగానే సుత్తితో కొట్టి కొట్టి వొంపు తెచ్చేడు. కొసలు పట్టుకునే కొక్కేల్ని వెల్డింగోడిసేత జీపు సట్రానికి అతికించేడు. పక్కకి ఎనిమిదేసి పట్టీలు. జీపు ముక్కెత్తి నిలబడ్డాది! పదిమందెక్కినా దిగదు, పదిహేనుమందెక్కినా దిగదు. కానీ ఏమైందంటే, అసలు వొంగడమే మానీసింది. రాయి తగిల్తే సాలు, జనం తలకాయలు పైకప్పుకి కొట్టుకోడమే. సుక్రు భయపడతా, "మావా, పట్టీలు కొన్ని తీసీయరాదా" అన్నాడంట. గాసన్నకి కోపమొచ్చీసింది. గట్టిగుండమన్నావు, గట్టిగుంది, నా సేతి పట్టీ ఒక్కటి విరిగితే అప్పుడు రా అన్నాడు. పెళ్లాం దాలిమ్మ కూడా సెప్పింది: "కూకునీది ఇనుము మీదే గానీ, కూకున్నోళ్లు ఇనుము కాదు గదయ్యా." వింటేనా?

మరి వానలు పడ్డాక ఏమైందంటే, దాలిమ్మ కొలిమికి బొగ్గుల గంప నెత్తినెట్టుకుని వొస్తా, నాసు పట్టిన రాతిమీద జారిపోనాది. తుంటెముక కాడ పుటుక్కుమంది. లెగలేదు. ఆస్పత్రికి సుక్రు జీపు తప్ప ఇంకేటుంది? గడ్డి పరిసి పడుకోబెట్టి, తలకాయ ఒళ్లో ఎట్టుకుని గాసన్న కూకున్నాడు. ఆడు బండెక్కడం అదే మొదలు. మొదటి రాయికి దాలిమ్మ కేకేసింది. రెండో రాయికి మొగుడి సెయ్యి కొరికీసింది. మూడో రాయికి కేక లేదు, ఏటీ లేదు, కళ్లెత్తి ఆడి మొకంలోకి సూసింది. అంతే. "ఆపరా అల్లుడా, ఆపీ!" అన్నాడు.

ఆవిణ్ణి సెట్టు నీడన దించి, జాకీ ఎట్టి, బోల్టులిప్పి, కింద పొట్టి పట్టీలు ఒక్కొక్కటే లాగేడు గాసన్న. "ఇంకొకటి తీస్తే విరిగిపోతాదేమో మావా" అని సుక్రు అంటే, "విరిగితే విరగనీ, ఇంకోటి సేస్తాను. ఇలాటిది ఇంకొకతి దొరుకుతాదేటి?" అన్నాడంట దాలిమ్మని సూపించి. పుట్టినకాడినుంచి ఇనుము ముక్క పారేసినోడు కాదు ఆడు. ఆనాడు లాగిన పట్టీల్ని లాగినట్టే లోయలోకి ఇసిరీసేడు. మిగిలిన పట్టీల మధ్యన గ్రీజు రాసి మళ్లీ బిగించేడు. మరప్పుడు సూడండి, జీపు రాయెక్కి దిగితే ఊగుతాది గానీ ఎగరదు. సగం దారిలో దాలిమ్మ కునుకు తీసింది. కునుకే అనుకున్నాడా ఆడు? ముక్కు కాడ సెయ్యెట్టి ఊపిరి సూసుకుంటానే ఉన్నాడంట ఆస్పత్రి దాకా.

బతికింది. మూడు నెలలు మంచం మీదుంది, గాసన్నే వొండి పెట్టేడు, ఆ కూరల సంగతి నన్నడక్కండి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తంది. కూకుంటే ఇద్దరికీ అదే తగువు. "ఆ పూట నాను సూస్తానే ఉన్నాను, పక్కకి తీసింది రెండేసే" అంటాదావిడ. "ఒళ్లు తెలీకుండా పడున్నావు, మూడేసి తీసేను" అంటాడు ఆడు. లెక్క తెలిసినోడు సుక్రు ఒక్కడే. ఆణ్ణడిగితే, హారను కొట్టుకుంటా ఎల్లిపోతాడు. ఆడికి తెలివుంది మరి.