చెప్పులు విడిచి నడిపిన బండి

సభాధ్యక్షులు, మా డిపో మేనేజర్ వెంకటరామారావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఇరవై రెండేళ్లు నా బండిలో టికెట్లు కొట్టిన సీతయ్యకు, వర్క్‌షాపు మిత్రులకు, ముందు వరుసలోంచి 'జల్దీ ముగించు' అని అప్పుడే సైగ చేస్తున్న నా భార్య పూలికి ఈ డ్రైవర్ బలరాం నమస్కారాలు. (నవ్వులు)

కుర్చీ వద్దు సార్. కూర్చుంటే నడుము పట్టేస్తుంది, లేపడానికి మళ్లీ ఇద్దరు కావాలి. మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. రేపు పొద్దున ఆరు గంటల భద్రాచలం బండి కదలకముందే ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ వీడ్కోలు శాలువా కప్పుకున్నందుకు నాకే సిగ్గు.

మేనేజర్ గారు ఇప్పుడే నా భక్తిని మెచ్చుకున్నారు. రామయ్య దగ్గరికి పోయే బండి కాబట్టి బలరాం చెప్పులు విడిచి నడుపుతాడని ఇల్లందు నుంచి బూర్గంపాడు దాకా అనుకుంటారు. కొందరు ఎక్కేటప్పుడు నా సీటుకు దండం పెట్టేవారు. నేను వద్దనలేదు. అది భక్తి కాదండీ. నా కుడికాలు మొద్దుబారింది. వెన్నుపూసలు అరిగి నరం నొక్కుకుపోయిందని డాక్టరు గారు తర్వాత చెప్పారు. పిరుదు నుంచి పిక్క దాకా ఒకటే సలుపు, అరికాలిలో మాత్రం స్పర్శ దాదాపు లేదు. చెప్పు ఉంటే కాలు బ్రేకు మీద ఉందో పక్కన ఉందో తెలిసేది కాదు. విడిస్తే ఇనుము కొంచెం తగిలేది. అట్లా ఎనిమిది నెలలు, యాభై మందిని ఎక్కించుకుని, అడవి మలుపుల్లో నడిపాను. చెబితే స్టీరింగు తీసేసుకుంటారని భయం. తండాలో నన్నందరూ డ్రైవర్ అనే పిలుస్తారు, పేరుతో ఎవరూ పిలవరు.

ఆఖరికి బూర్గంపాడు దగ్గర ఒక ముసలమ్మ నెత్తిన తునికాకు కట్టతో అడ్డం వచ్చింది. తొక్కాననుకున్నాను, కాలు బ్రేకు మీద లేదు. హ్యాండ్‌బ్రేకు లాగితే బండి జానెడు దూరంలో ఆగింది. ఆమె నా దగ్గరికొచ్చి, "నీ భక్తే నన్ను కాపాడింది కొడుకా, రామయ్యే ఆపిండు" అన్నది. మర్నాడే దవాఖానాకు పోయాను, వెన్నుకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. సీతయ్యా, ముసలమ్మ బతికిందని నువ్వు కొట్టిన కొబ్బరికాయ ముక్క నేను నోట పెట్టలేదు.

ఇప్పుడు నా దిగులు ఆపరేషన్ గురించి కాదు. సోమవారం నుంచి మన డిపో డ్రైవర్ జయప్రకాశ్ కూడా చెప్పులు విడిచి బండెక్కుతున్నాడు. అన్న బాటలోనే తమ్ముడని అందరూ మురుస్తున్నారు. నేను మాత్రం గేటు దగ్గర అతను మెట్టు ఎక్కేటప్పుడు రెండు చేతులతో తొడ పట్టుకుని కాలు ఎత్తడం చూశాను. విడిగా అడిగితే, "ఏం లేదన్నా, మొక్కుకున్న" అన్నాడు. నేను కూడా పూలితో అదే చెప్పాను.

తమ్ముడూ, ఇంతమందిలో అడుగుతున్నందుకు నన్ను తిట్టుకో. రేపటి ఆరు గంటల బండి నీదే. నీ కాలు నీకు తెలుస్తున్నదా?

(నాలుగో వరుసలోంచి జయప్రకాశ్, "రెండు నెలల సంది తెల్వదన్నా.")

మేనేజర్ గారూ, పొద్దున బండికి ఇంకో మనిషిని చూడండి. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ చేతులెత్తి దండం. జయప్రకాశ్, మెల్లగా వచ్చి ఈ కుర్చీలో కూర్చో. దవాఖానాకు రేపు ఇద్దరం కలిసే పోదాం. ఉంటానండీ, సెలవు.