చెవుల్లో దూది

నాలుగూ ఒకటి మీద ఉండి ఓడిపోయావా? ఓసినీ, అచ్చం మీ తాతే! కూర్చో, ఆ రాకెట్ అక్కడ పెట్టు. మీ తాత మూడేళ్ళు వరసగా ఓడిపోయాడు, నువ్వు ఒక్కసారికే మొహం అంత చేసుకున్నావు.

మీ తాత ఆస్పత్రిలో కాంపౌండరు, నేను పక్క గదిలో రికార్డులు చూసేవాణ్ణి. ఆస్పత్రి వెనకాల మట్టి టెన్నిస్ కోర్టుండేది, ఏటా స్టాఫుకి పోటీ పెట్టేవాళ్ళు. ఫైనల్‌కి అంపైర్ని నేనే. నాకేదో ఆట తెలుసని కాదమ్మాయ్, ఆ ఎత్తు కుర్చీకి ఒక కాలు పొట్టి, బక్కవాడైతే ఊగదని. ఇప్పుడు నన్ను చూస్తే నమ్మవులే. ఏం చెప్తున్నాను? ఆఁ, మూడేళ్ళూ అదే వరస. అయిదూ రెండు దాకా దూసుకుపోవడం, ఇంకొక్క గేమ్ అనేసరికి చెయ్యి బిగుసుకుపోవడం. వెనకబడినప్పుడు చూడాలి, పులి! ముందుకొచ్చాడా, చుక్కమందు కొలిచి పోస్తున్నట్టు కొట్టేవాడు బంతిని. "అదేం రోగంరా?" అంటే, "వెనకుంటే పోయేదేముంది? ముందుంటేనే, ఉన్నది పోతుందేమోనని గుండె దడ" అన్నాడు.

దాంతో జనం పేరే పెట్టేశారు, అయిదూరెండు అని. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు, చావొచ్చింది మీ అమ్మకి. బళ్ళో పిల్లలు "అయిదూరెండు కూతురా, ఈసారీ అంతేనా?" అని ఏడిపిస్తుంటే, నాలుగో ఏడు ఫైనల్‌కి వారం ముందు పుస్తకాలు మంచం కిందకి తోసేసి బడికి పోనంది. మీ అమ్మమ్మ బతిమాలింది, రెండు తగిలించింది కూడా. ఊహూఁ, కదిలితేనా!

అప్పుడొచ్చాడు మీ తాత నా దగ్గరికి. "ఒరేయ్, స్కోరు పైకి చెప్పకు." "చెప్పాల్సిందేరా, రూలు" అన్నాను. "సరే, నువ్వు చెప్పు, నేను వినను" అన్నాడు. కాంపౌండరుకి దూదికేం లోటు? ఫైనల్ రోజు రెండు చెవుల్లోనూ కుక్కుకొచ్చాడు. సర్వ్ ఎవరిదో, ఎటు నుంచో నేను వేలు చూపించాలి, అదీ ఒప్పందం. మరి మనసులో లెక్క పడదా అంటే, పాయింటుకీ పాయింటుకీ మధ్య అలమరలో సీసాల పేర్లు వరసగా చదువుకుంటాట్ట. నిజమే, పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

అవతల ఎక్స్‌రే ఆయన, మంచి మనిషి. అయిదూ రెండయింది. నేనే స్కోరు తడబడి చెప్పాను గానీ మీ తాతకి చీమ కుట్టినట్టైనా లేదు. అయిదూ మూడయింది. ఎక్స్‌రే ఆయన సర్వీసు, ఇంకొక్క పాయింటొస్తే మీ తాతదే కప్పు. ఆయనేమో మొదటి బంతి నెట్లో కొట్టాడు, రెండోదీ నెట్లోనే కొట్టాడు. అంతే, పాయింటు మీ తాతది, ఆట అయిపోయింది! అందరూ చప్పట్లు. మీ తాత అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. తుడుచుకుని, బంతి పట్టుకుని నా వేలి కోసం చూశాడు. ఆ మొహం అంత నిమ్మళంగా ఎప్పుడూ చూళ్ళేదు నేను. ఏం పుట్టిందో నాకు, సర్వ్ నీదే అని వేలు చూపించాను. చెయ్యి కలపడానికొస్తున్న ఎక్స్‌రే ఆయన నన్ను చూశాడు, మీ తాతని చూశాడు, వెనక్కెళ్ళి నిలబడ్డాడు. మూడు పాయింట్లు ఆడారమ్మాయ్. మూడోది మీ తాత ఎడంపక్క నుంచి కొట్టాడు, గీత మీద సున్నం లేచింది. అలాంటి దెబ్బ ఆ కోర్టులో మళ్ళీ చూళ్ళేదు.

మీ అమ్మమ్మ ఇక ఆగలేక లోపలికొచ్చి చెవుల్లో దూది లాగి, "గెలిచారండీ!" అంది. "ఎప్పుడు?" అన్నాడు.

నా వైపు తిరిగి "ఏ పాయింటుతోరా?" అన్నాడు. అవతలివాడు రెండుసార్లు నెట్లో కొట్టుకుంటే గెలిచావని ఎలా చెప్పను? "ఇప్పుడు కొట్టావే, ఆ గీత మీదది" అన్నాను. ఎక్స్‌రే ఆయన కూడా "అవునండీ, అదే" అన్నాడు. అంపైరుగా నేనాడిన అబద్ధం అదొక్కటే. పోయే ముందు కూడా మంచం మీంచి అడిగాడు, "అది గీత మీదే పడింది కదరా?" అని. "మీదే పడింది" అన్నాను. ఆ మాట మాత్రం నిజం.

నీకు చెప్పాను గానీ మీ అమ్మ దగ్గర ఎత్తకు. ఆ దెబ్బ గురించి పిల్లలందరికీ చెప్పాలని మర్నాడు గంట ముందే వెళ్ళి బడి గేటు దగ్గర నిలబడింది.