సీలింగు మీద లారీ

"దాన్ని బొమ్మ అన్నవాణ్ణి నేను ఇంతవరకూ క్షమించలేదు సార్. కూర్చోండి, కూర్చోండి. టీ ఇంకా పొగలు కక్కుతోంది, అంత వేడి టీ గొంతులో పోసుకుని మెట్లెక్కితే ఒంటికి మంచిది కాదు. నేను చెబుతాను, మీరు ఊదుకుంటూ తాగండి. పోయిన ఏడాది ఒక పెద్ద బట్టల షాపులో ఈ గోడ నుంచి ఆ గోడకి వైరు లాగాలి. పైనంతా అసలు కప్పుకి కింద, మధ్యలో ఖాళీ వదిలి బిగించిన సీలింగు పలకలు. ఒక్కొక్క పలకా విప్పుకుంటూ పోతే కింద కొత్త బట్టలన్నీ దుమ్ముకొట్టుకుపోవూ? నేనేం చేశాను? నా రిమోట్ లారీని తీసి సీలింగు మీద పెట్టాను, దాని తోకకి నైలాను దారం కట్టాను, మీట నొక్కాను. అది బుర్రుమని పోయి అవతలి గోడ దగ్గర ఆగింది. దారం అటు చేరింది, దారం వెనకాల వైరు లాగేసుకున్నాం. మేం వచ్చి వెళ్ళిన సంగతి కూడా షాపువాళ్ళకి తెలీదు!"

ఇంతవరకూ నిజమే. నిజంతో మొదలుపెట్టడం నా పద్ధతి. వినేవాణ్ణి చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కించాలి గానీ, ఒక్కసారిగా మేడ మీదికి విసిరేస్తే ఎవడైనా బెదురుతాడు. ఈ విద్యలో నన్ను మించినవాడు పుట్టలేదని నేను అనడం లేదు, నన్ను విన్నవాళ్ళు అంటారు.

కానీ ఆరోజు విన్నవాడు మామూలు మనిషి కాడు. టీ కొట్టు ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న మేడలో బీమా ఆఫీసు మేనేజరు. ఇల్లు కాలిందనీ, బండి పోయిందనీ, గేదె చచ్చిందనీ వచ్చే కథలన్నీ విని, ఏది నిజమో ఏది కోతో తేల్చడమే ఆయన ఉద్యోగం. ఆ ఆఫీసు మొత్తానికి కొత్త వైర్లు వేసే పని ఆయన చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ నా వెనకాల నిచ్చెన పట్టుకున్న మా అమ్మాయి, తన పేరు మీద అడిగిన మొదటి పని అది. నమూనాగా ఒక్క లైను లాగి చూపించమన్నాడు. నచ్చితే అంతా ఆమెకే. ఒకే ఒక్క షరతు పెట్టాడు. "నా గదిలో మాత్రం ఒక్క పలక కూడా విప్పొద్దు. నాకు దుమ్ము పడదు."

"లారీ ఉండగా పలకలెందుకు సార్!" అన్నది నేనే. మా అమ్మాయి అనలేదు.

లారీ వసారా సీలింగు మీద బంగారంలా పరిగెత్తింది. సగం దూరంలో నాకు ఫోను వచ్చింది. రిమోట్ ఆపి మాట్లాడాను. అక్కడే వచ్చింది తంటా. అలాంటి లారీకి ముందు లారీ ఆపాలి, ఆ తర్వాతే రిమోట్ ఆపాలి. డబ్బా మీదే రాసి ఉంటుంది. నాలాంటివాడికి డబ్బా చదవాల్సిన అవసరం ఏమిటి? రిమోట్ ఆగగానే లారీకి పిచ్చెత్తింది. దారం ఈడ్చుకుంటూ వసారా దాటి, గోడ మీది సందులోంచి దూరి, సరిగ్గా మేనేజరు గది నెత్తిన ఎక్కడో ఇరుక్కుంది. మళ్ళీ రిమోట్ వేసినా వెనక్కి రాదు. ఆయన అప్పుడే టీకి దిగాడు.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "నాన్నా, పలక విప్పక తప్పదు. ఆయన్ని పైకి రానివ్వకు. ఏదో ఒకటి చెప్పు. చెప్పడం నీకు నేను నేర్పాలా? పనయ్యాక కిటికీలోంచి పసుపు గుడ్డ వేలాడదీస్తా."

అదీ సంగతి. ఆయన నాకు ఎదురుగా, వీపు రోడ్డుకేసి పెట్టి కూర్చున్నాడు. ఆయన భుజం మీదుగా నాకు మొదటి అంతస్తు కిటికీ కనబడుతోంది. కిటికీని ఆనుకుని ఆయన బల్ల. బల్ల మీద రెండు కాళ్ళు. మా అమ్మాయి కాళ్ళే. నడుము పైన మనిషి లేదు, సీలింగులో ఉంది.

"బాగానే ఉందండీ మేస్త్రిగారూ," అన్నాడు మేనేజరు, గ్లాసు తిప్పుతూ. "కానీ ఈ పనికి ఖరీదైన బండే ఎందుకు? పిల్లల షాపులోనూ దొరుకుతాయిగా రిమోట్ బండ్లు."

"దొరుకుతాయి సార్! పొద్దున కొంటే సాయంత్రానికి దాని చక్రం మంచం కింద దొరుకుతుంది. ఇది రెడీ టు రన్. బిగించేది లేదు, అతికించేది లేదు, చార్జింగ్ పెట్టి నేల మీద వదిలితే పరుగే. నాలుగు చక్రాలూ లాగుతాయి. లోపల పళ్ళచక్రాలు ఇనుపవి. ఏ ముక్క విరిగితే ఆ ముక్కే కొనుక్కోవచ్చు, బండి మొత్తం పారేయక్కర్లేదు. ఇక స్ప్రింగులంటారా..."

కిటికీలో ఒక కాలు గాల్లోకి లేచింది. రెండో కాలు మునివేళ్ళ మీద నిలబడి వణుకుతోంది.

"స్ప్రింగులంటే?" అన్నాడాయన.

"స్ప్రింగులా! మూడో అంతస్తు నుంచి పడింది సార్ నా లారీ."

"పోయినసారి రెండో అంతస్తు అన్నావు బాబాయ్," అంది టీ కొట్టు ఆవిడ. ఆవిడకి పాలు కాగే లోపు తన స్టీలు బాయిలర్ని అద్దంలా తోమడం, నా కథల్లో అంతస్తులు లెక్కపెట్టడం, ఈ రెండే పనులు.

"పోయినసారి మధ్యలో లేచిపోయావు, మూడో అంతస్తుదాకా రాలేదు! సార్, పడింది. నేల తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ స్ప్రింగులు ఎంత గట్టివంటే, పడ్డది పడ్డట్టే పైకి లేచి, రెండో అంతస్తు కిటికీలోంచి లోపలికి దూరి, అక్కడ కూడా వైరు లాగేసింది. ఆ ఇంటివాళ్ళు మాకు పని చెప్పనే లేదు."

"సాక్షులున్నారా?"

"ఆ ఇంటి ముసలాయన ఉన్నాడు సార్. ఆరోజు నుంచీ కిటికీ మూసుకునే ఉంటున్నాడు."

మేనేజరు నవ్వలేదు. నన్నే చూస్తున్నట్టుంది గానీ, ఆయన చూపు కాస్త నా చెవి పక్కనుంచి పోతోంది. కోతలు వినేవాడు నవ్వకపోతే నాకు చెమటలు పడతాయి. గ్లాసులో టీ సగానికి దిగింది. పైన కాళ్ళ పక్కన ఒక తెల్లటి పలక అడ్డంగా దిగింది, దాంతోపాటు ఇంత దుమ్ము కిటికీలోంచి బుస్సున బయటికి వచ్చింది. ఎవరో రోడ్డు మీద తుమ్మారు.

"నీళ్ళలో పడితే?" అన్నాడు మేనేజరు.

ఆయనే అడిగాడు! నా ప్రాణం లేచొచ్చింది.

"పడింది సార్, అదీ అయింది. ఒకాయన ఇంటి నీళ్ళ తొట్టిలో, ఆ నేల కింద ఉంటుందే, అందులో పడింది. మనిషి లోతు నీళ్ళు. తీద్దామని దిగాను. దొరకలేదు. ఎందుకు దొరకలేదు? ఆగితే కదా దొరకడానికి! లోపల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆ సుడికి నీళ్ళన్నీ వాటంతటవే పైపులోంచి మేడ మీదికి ఎక్కడం మొదలుపెట్టాయి. ఆ ఇంటాయన మోటారు విప్పి అమ్మేసుకున్నాడు. 'మేస్త్రీ, లారీని అలాగే ఉంచెయ్యి, నీకు దణ్ణం పెడతా' అన్నాడు."

"మరి చార్జింగ్?" అంది టీ ఆవిడ.

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో చార్జింగ్ ఏమిటమ్మాయ్? సార్‌కి ఇంకో టీ పొయ్యి!"

"వద్దండి," అని మేనేజరు చివరి గుక్క తాగేశాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. లేవబోతున్న మనిషి చేసే పనులన్నీ చేశాడు. "ఇక పైకి వెళ్తాను. పనుంది."

కిటికీలో పసుపు గుడ్డ లేదు. కాళ్ళు కూడా లేవు! పూర్తిగా సీలింగులోకి ఎక్కేసిందా? జారి పడిందా? లేచి పరిగెత్తాలనిపించింది. పరిగెడితే ఆయన వెనక్కి తిరుగుతాడు. రెండు చేతులతో ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"సార్! మేడ సంగతి వినకుండా వెళ్తారా?"

"ఏ మేడ?"

ఏ మేడో నాకు మాత్రం ఏం తెలుసు? అయినా నోరు నాది కదా, అది ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది.

"నాలుగంతస్తుల మేడ సార్. ఒక పక్కకి ఒరిగిపోయింది. లోపలివాళ్ళు మంచాల మీంచి దొర్లి ఒకే మూలకి చేరుతున్నారు, అన్నం కంచాలు ఆ గదిలోంచి ఈ గదిలోకి జారుతున్నాయి. ఇంజనీర్లు వచ్చారు, తల గోక్కున్నారు, వెళ్ళిపోయారు. నన్ను పిలిచారు. నేను లారీ తోకకి దారం కట్టి..."

"దారమా?"

"తాడు! తాడు సార్. నా తొడంత లావు తాడు. దాన్ని మేడ నడుముకి చుట్టి, రిమోట్ మీట ఇలా, సుతారంగా, పసిపిల్ల బుగ్గ నొక్కినట్టు నొక్కాను. లారీ చక్రాలు నేలలోకి దిగబడ్డాయి. రబ్బరు వాసన ఊరంతా కమ్మింది. మేడ కిర్రుమంది. లేచింది సార్! నిటారుగా నిలబడింది! జనం చప్పట్లు. ఇక చాలని నేను రిమోట్ ఆపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. కిటికీ ఖాళీ.

"లారీ ఆగలేదు," అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. "రిమోట్ ముందు ఆపకూడదు సార్. లారీ ముందు ఆపాలి. అది తెలీకుండా ఆపితే దానికి ఎవరి మాటా వినబడదు. తాడుతో సహా పరుగు పెట్టింది. వెనకాలే మేడ. నాలుగంతస్తులూ వీధి మలుపు తిరిగాయి. బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ ఒక చొక్కా ఈ వీధిలో ఆరేసింది, రెండోది పక్క వీధిలో. పోస్టుమ్యాన్ ఉత్తరాలు పట్టుకుని వెనకాల పరుగు. నేను రిమోట్ వేస్తున్నాను, ఆపుతున్నాను, వేస్తున్నాను. అది వినదు. పిల్ల మొదటిసారి సొంతంగా పట్టిన పని సార్, అందరూ చూస్తున్నారు, నా చేతిలో రిమోట్ ఉంది, నేనేమీ చెయ్యలేను..."

"ఏ పిల్ల?" అన్నాడు మేనేజరు.

నేను నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళలో కథ మధ్యలో నా నోరు మూతపడడం అదే మొదటిసారి.

"సరే, ఆ లారీ చివరికి ఎక్కడ ఆగింది?" అన్నాడు మెల్లిగా.

"ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది సార్."

అప్పుడు కిటికీలో పసుపు గుడ్డ పడింది. గాలికి రెపరెపలాడుతూ, మా అమ్మాయి ముక్కు తుడుచుకునే గుడ్డ అయినా, ఆ క్షణాన నా కళ్ళకి అది పట్టు జెండా. ఒక్కసారిగా ఒళ్ళు తేలికైపోయింది. చేతులు దులుపుకున్నాను. "సరే సార్, మీకు పనుందన్నారు. వెళ్ళిరండి!"

మేనేజరు కదల్లేదు.

"ఎక్కడ ఇరుక్కుందో నేను చెప్పనా మేస్త్రిగారూ? నా నెత్తి మీద. నేను ఇవాళ పెందరాళే టీకి ఎందుకు దిగాననుకున్నారు? సీలింగులో ఏదో తుమ్మెదలా ఒకటే రొద చేస్తుంటే కూర్చోలేక." కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నా వెనక ఉన్న బాయిలర్ని వేలుతో చూపించాడు. "ఈవిడ దీన్ని బాగా తోముతుంది."

తిరిగి చూశాను. ఆ స్టీలు మీద కాస్త వంకరగా, కాస్త లావుగా, రోడ్డూ, మేడా, మొదటి అంతస్తు కిటికీ. కిటికీలో గుడ్డ.

టీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతలో మా అమ్మాయి రోడ్డు దాటి వచ్చింది. జుట్టంతా తెల్లటి దుమ్ము, నాకంటే పెద్దదానిలా ఉంది. చంకలో లారీ. దానికి ముందు చక్రం ఒకటి లేదు. నావైపు చూడను కూడా చూడకుండా నేరుగా ఆయన ముందు నిలబడింది.

"సార్, మీ గదిలో ఒక పలక విప్పాను. మీరు వద్దన్నారు. తప్పలేదు, విప్పాను. మళ్ళీ బిగించి, కింద తుడిచేశాను. లైను అవతలికి చేరింది."

అంతసేపు నేను పడ్డ అవస్థ అంతా ఆ ఒక్క నిమిషంలో బూడిదలో పోసింది. పెంపకంలో ఎక్కడో లోపం జరిగింది.

"చూశానమ్మా," అన్నాడాయన. "బల్ల ఎక్కేముందు నా కాయితాలన్నీ తీసి కుర్చీలో పెట్టావు. గుడ్డ పరిచావు. చెప్పులు విప్పావు." ఆ తర్వాత లారీని చేతిలోకి తీసుకున్నాడు. తిరగేశాడు. ఇనుప పళ్ళచక్రాలు చూశాడు, స్ప్రింగు నొక్కి వదిలాడు. కాలిపోయిన ఇంటి ముందు నిలబడి కూడా అలాగే చూస్తాడేమో. "మంచి సరుకే. ఇది ఎంత లాగుతుందమ్మా?"

నాలుగంతస్తులూ నా గొంతులో నిలబడ్డాయి. మా అమ్మాయి కొంచెం ఆలోచించింది. తప్పు చెప్పకూడదని ఆలోచించింది.

"దారం సార్."

"దారమా?"

"దారం ఒక్కటే. అంతకంటే లాగదు. దారం అటు చేరితే వైరు మేం లాగుతాం."

మేనేజరు నావైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకి మేడ నా గొంతులోంచి దిగి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి దాని చోట అది నిలబడింది.

"రేపు మొదలుపెట్టమ్మా. మొత్తం ఆఫీసు," అని లారీని మా అమ్మాయి చేతిలో పెట్టాడు. లేచాడు. "రిమోట్ మాత్రం నీ దగ్గరే ఉంచుకో. మీ నాన్నగారిని ఇక్కడ, ఈ బల్ల మీద కూర్చోబెట్టు. రోజూ టీకి దిగుతాను."

ఆయన రోడ్డు దాటాడు. మా అమ్మాయి నా పక్కన కూలబడింది. నా టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

ఆ మేడని లాగింది కూడా నిజానికి దారంతోనే, తాడు అన్నది ఆయన నమ్మడేమోనని, అని నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి నావైపు చూసింది.

ఖాళీ గ్లాసే ఎత్తి తాగాను.