తనను మరిచిపోవడం నేర్పిన గుర్రాల మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై ఆరవ సంవత్సరం జూన్ పదహారవ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై రెండేళ్ల వయసులో, మా అశ్వ శిక్షణ కేంద్రంలో సహాయక శిక్షకులుగా చేరిన మాన్యులు, నేడు ప్రధాన శిక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఉత్తర్వుల్లో ఆయన పేరు ఏదైనా, ముప్పై ఎనిమిదేళ్లుగా అందరికీ ఆయన గుర్రాల మాస్టారే. ఆయన గురించి నాలుగు మాటలు రాసే బాధ్యతను, రాయడం కంటే దాణా తూచడంలోనే ఎక్కువ ఆరితేరిన దాణా గుమాస్తాకు ఈ సంచిక సంపాదకులు అప్పగించారు. పొరపాట్లకు వారే బాధ్యులు.

చేరిన తొలి నాలుగేళ్లూ మాస్టారు జీను ముట్టలేదు. లద్ది ఎత్తారు, మాలీసు చేశారు, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీశారు. సాయంత్రాలు పశువైద్యుల గదిలో కూర్చుని జీర్ణకోశం, కీళ్లు, దంతాలు అన్నీ బొమ్మలు గీసుకుని మరీ చదివి, పశుశాస్త్రంలో డిప్లొమా సాధించారు. గుర్రానికి ఎడమవైపు నిలబడి నేర్పిన పాఠాన్ని కుడివైపు మళ్లీ మొదటినుంచి నేర్పాలని ఆయన తన నోటు పుస్తకాల్లో రాసుకున్న వివరాలను ఇప్పటికీ మా విద్యార్థులు పాఠంగా చదువుతున్నారు. కొరడా లేకుండా, గొంతు పెంచకుండా ఆయన దారికి తెచ్చిన గుర్రాలు నూటికి పైమాటే. మనుషుల మీద మాత్రం గొంతు పెంచేవారు. ఆ విషయం తడిసిన గడ్డి పంపిన ప్రతిసారీ దాణా గుమాస్తాకు అనుభవమే.

అభినందన వ్యాసంలో ఓటమి ప్రస్తావన ఉచితం కాదని కొందరు సహోద్యోగులు అన్నారు. మాస్టారు మాత్రం అది లేకుండా తన గురించి రాయవద్దన్నారు. తొంభై అయిదులో, కుమార్తె పుట్టిన సందర్భంగా ఆయన ఎనిమిది రోజులు సెలవు పెట్టారు. ఆరవ రోజున దొర అనే మగ గుర్రానికి కడుపు శూల పట్టుకుంది. మాస్టారి చెయ్యి తప్ప వేరే చెయ్యి ఎరుగని ఆ గుర్రం డాక్టరు గారిని దగ్గరకు రానివ్వలేదు. కబురందుకుని ఆయన పరుగున వచ్చేసరికి అది ప్రాణం లేకుండా నేల మీద పడి ఉంది. అప్పటి పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ, "నువ్వు దానికి పని నేర్పలేదయ్యా, నిన్ను అలవాటు చేశావు" అన్నారు.

ఆ మరుసటి వారంలోనే మాస్టారు పెట్టిన నియమం నేటికీ మా కేంద్రంలో అమలులో ఉంది: ఏ గుర్రమైనా ఆరు నెలల్లోగా ముగ్గురి చేతి దాణా తినాలి, ముగ్గురికి గిట్ట ఎత్తి ఇవ్వాలి, ముగ్గురి చేత కళ్లెం వేయించుకోవాలి. ఇరవై ఏళ్లపాటు ఈ నియమాన్ని ఎవరు సడలించినా ఆయన ఊరుకోలేదు. చివరికి దాన్ని గాలికొదిలేసింది ఆయనే.

ఎనిమిదేళ్ల క్రితం మాస్టారి ధర్మపత్ని మరణించిన నెలలోనే ఇక్కడ ఒక ఆడ గుర్రం ఈని చనిపోయింది. దాని పిల్లకు సీసాతో పాలు పట్టినవారు, చిట్టి అని పేరు పెట్టినవారు, పక్కనే గోనె పరుచుకుని కూర్చున్నవారు మాస్టారే. రెండో చెయ్యిని దాని దగ్గరకు రానివ్వలేదు. మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కుమార్తె చదువుకు వేరే ఊళ్లో ఉండగా, ఇంట్లో పలకరించే మనిషి లేని ఆయనను ఏమనడానికీ మాకు నోరు రాలేదు. మేము చేసిన తప్పు అది.

ఈ ఏడాది మొదట్లో పరిశీలక బృందం వచ్చినప్పుడు చిట్టి ఒకరిని కరిచి, ఇద్దరిని తన్నబోయింది. మాస్టారి విరమణలోగా మరొకరి చేతికి లొంగకపోతే దాన్ని తొలగింపు జాబితాలో చేర్చాలని ఉత్తర్వు వచ్చింది. ఆ జాబితాలో చేరిన జంతువుకు చివరికి మిగిలేది ప్రాణం తీసే సూదిమందే. మాస్టారికి మూడు నెలల గడువు మిగిలింది.

ఆయన తన పాత పని చొక్కాను కొత్త శిక్షకురాలికి ఇచ్చారు. మొదటి వారం ఆమె దాన్ని తొడుక్కుని, మాస్టారు పక్కన ఉండగా దాణా పెట్టింది. రెండో వారం ఆయన పది అడుగుల దూరం జరిగారు. మూడో వారం నుంచి నోరు మెదపలేదు. ప్రతి శనివారం చొక్కా ఇంటికి తీసుకెళ్లేవారు. ఆ సంగతి ఆయన కుమార్తె చెప్పగా తెలిసింది.

"ఎన్నిసార్లు ఉతకమంటావు నాన్నా? శుభ్రంగానే ఉంది కదా!"

"వాసన పోవాలమ్మా."

"ఏం వాసన? నాకేం రావట్లేదే."

"నీకు రాదులే. నా వాసన."

ఆ అమ్మాయి సబ్బు పెట్టి ఉతికి, తండ్రికి కనబడకుండా పెరట్లోకి వెళ్లి ఆరేసి, అక్కడే కాసేపు ఉండిపోయిందట.

పదో వారానికి శిక్షకురాలు తన సొంత చొక్కాతోనే చిట్టికి కళ్లెం వేసింది. గత సోమవారం డాక్టరు గారు వచ్చి దంతాలు చూశారు, గిట్టలు ఎత్తి చూశారు. మాస్టారు కంచె దగ్గర అందరికీ కనబడేలా నిలబడ్డారు. చిట్టి చెవులు ఒక్కసారి అటు తిరిగాయి. ఆయన కదలలేదు. "నడు" అంది శిక్షకురాలు. చిట్టి ఆమె వెంట నడిచి, మాస్టారి ముందునుంచే ఆగకుండా వెళ్లిపోయింది. డాక్టరు గారు కాగితం మీద సంతకం చేశారు.

"మాస్టారూ, గెలిచారు! ఒక్కసారి వచ్చి నిమరండి" అని శిక్షకురాలు పిలిచింది.

"వద్దమ్మా. ఇప్పుడు చెయ్యి వేస్తే మీ కష్టమంతా నీళ్లలో పోసినట్టే" అన్నారాయన. తర్వాత దాణా గదిలోకి వచ్చి, బస్తా మీద కూర్చుని, ముఖం కడుక్కోవడానికి నీళ్లు అడిగారు. ఇచ్చాం. చాలాసేపు కడుక్కున్నారు.

నేటి సభను అశ్వశాల ముంగిట చిట్టిని అలంకరించి జరపాలని మేము తలపెట్టగా వారించి, మేడ మీది ఈ గదిలో కిటికీలు మూయించి జరిపించమన్నది ఆయనే. రేపటినుంచి ఇటు అడుగు పెట్టనని కూడా చెప్పారు. జీవితమంతా ఇక్కడే గడిపిన మనిషికి రావద్దనే వీడ్కోలు చెప్పవలసి రావడం మాకు దుఃఖంగా ఉంది. ఆ మాటను అందంగా చెప్పడం చేతకావడం లేదు.

మాస్టారూ, మీరు రాకపోయినా ఫోన్ చేయండి. అది తిన్నదీ లేనిదీ, నడక ఎలా ఉన్నదీ చెప్పడం ఈ గుమాస్తా పని. గుర్రం బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుందని మీరే చెప్పారు. చిట్టికి ఇప్పుడు ఎనిమిది. మిగిలిన ఇరవై రెండేళ్లూ మీరు ఆయురారోగ్యాలతో ఉండి అడుగుతూనే ఉండాలని, బాగుందని మేము చెబుతూనే ఉండాలని, మిమ్మల్ని మాత్రం అది ఒక్కసారైనా వెతుక్కోలేదని విని మీరు తట్టుకోగలగాలని మనసారా కోరుకుంటున్నాం.