పద్నాలుగు సూదులు

అప్పుడే వచ్చేశావా? పట్టుమని పది నిమిషాలు కాలేదు కదే. కుక్కని తిప్పడమంటే గేటు దాకా తీసుకెళ్లి, అది కాలెత్తగానే వెనక్కి లాక్కురావడమా? దాని మొహం చూడు, పెళ్లికి పిలిచి గుమ్మంలోంచే పంపేసినట్టుంది. సరే, ముందు దానికి నీళ్లు పెట్టు. నేనా? నేను కూర్చోనులే, నువ్వు కూర్చో. కూర్చుంటే నాకు ఏదో మరిచిపోయినట్టుంటుంది. ఇలా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూంటేనే మాట వస్తుంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేంటమ్మా అంటాడు మీ నాన్న. వాడికేం తెలుసు. ఇది వాళ్ల మేనత్త అంటించిన జబ్బు. నీకు తెలియదు, నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయింది. మీ తాతకి అక్క, నాకు వదిన, ఊళ్లో అందరికీ సూదులమ్మ.

దర్జీ కాదే, నర్సు. పెద్దాసుపత్రిలో వెనక వైపు పొడుగు గది ఒకటుండేది, పచ్చరంగు తలుపు. కుక్క కరిచిన వాళ్లంతా ఆ తలుపు ముందే బల్ల మీద వరసగా కూర్చునేవాళ్లు. ఇప్పుడు మీకేముంది, భుజానికి నాలుగు పోట్లు, ఇంటికెళ్లి సినిమా చూడొచ్చు. అప్పట్లో పద్నాలుగు. బొడ్డు చుట్టూ, రోజుకొకటి, పద్నాలుగు రోజులు. పొట్ట గట్టిపడిపోయి నవ్వితే నొప్పి, దగ్గితే నొప్పి. మా వదిన చెయ్యి మెత్తన అనేవాళ్లు గానీ, సూది సూదేగా. ఎవరొచ్చినా ముందు గాయం సబ్బుతో కడిగేది. కుళాయి కింద పెట్టి గడియారం చూస్తూ పావుగంట కడిగేది. ఆ కడిగేటప్పుడే అడిగేది. ఏ కుక్క? ఎవరిది? కట్టేసి ఉందా, వదిలేసి ఉందా? కట్టేసి ఎన్నాళ్లయింది? కరిపించుకుని ఏడుస్తూ వచ్చినవాడికి ఒళ్లు మండేది. "ఏమ్మా, నన్ను కరిస్తే దాని జాతకం అడుగుతావేంటి" అన్నాడొకసారి రొట్టెల బట్టీ ఆయన. "నీ జాతకం దాని చేతిలో ఉంది కాబట్టి" అంది. అదంతా నీలం అట్ట పుస్తకంలో రాసుకునేది, రూళ్లు గీసి మరీ. ఆసుపత్రి వాళ్లు రాయమన్నది కాదు, ఆవిడ సొంతానికి.

అలా రెండేళ్లు రాశాక ఆవిడకొకటి తెలిసింది. కరిచేవి చాలావరకు వీధి కుక్కలు కావు, ఇళ్లల్లో కట్టేసినవి. పొద్దస్తమానం మూరెడు తాడుకి కట్టి, ఎండకీ వానకీ అక్కడే ఉంచితే నీకు మాత్రం పిచ్చెక్కదా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఇక మొదలెట్టింది. డ్యూటీకి వెళ్లే ముందు పొద్దున్నే ఐదున్నరకి ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టడం. "మీ కుక్కని ఒక గంట ఇవ్వండి, తిప్పి తెస్తాను." చక్కెర అప్పడిగినట్టే అడిగేది. ఇచ్చిన వాళ్లిచ్చారు, తలుపేసిన వాళ్లు వేశారు. నెల తిరిగేసరికి ఆరు కుక్కలు. తాళ్లన్నీ నడుముకి కట్టుకుని, ఆసుపత్రి తెల్ల చెప్పులేసుకుని, మూతపడిన నూలు మిల్లు మైదానం చుట్టూ తిప్పేది. తిప్పేది అనకూడదులే, అవి ఆవిణ్ణి ఈడ్చుకుపోయేవి. వీధి కుక్క ఒకటి వెనకే ఉచితంగా వచ్చేది, ఎడమ చెవి సగం తెగింది దానికి. ఒంటి చెవోడు అనేవాళ్లం. వాడికి తాడూ లేదు, పిలుపూ లేదు. ఐదున్నర కొట్టేసరికి వదిన గుమ్మం ముందు హాజరు. మీ తాతకి గడియారాల కొట్టుండేది కదా, అందులో వాచీలు ఒంటి చెవోణ్ణి చూసి సరిచేసుకోవచ్చని వేళాకోళం చేసేవాడు.

మాకూ ఒకటుండేదే. దొర. పేరుకి తగ్గట్టే ఇంతెత్తు, గోధుమ రంగు. మీ తాత ముద్దు. వదిన నడిపించే ఆరింట్లో వాడొకడు. ఒకసారి ఏమైందంటే... ఉండు, ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది, వేసొస్తా. ఆ. ఒకసారి ఊళ్లో జ్వరాలొచ్చాయి. వదినకి రాత్రీ పగలూ ఆసుపత్రే. నాకు కబురు పంపింది, వారం రోజులు నేను రాలేను, దొరని నువ్వు తిప్పమని. మిగతా ఇళ్లకీ అలాగే కబురెట్టింది. నేనేం చేశాను? ఏమీ చేయలేదు. అప్పుడే వరండాకి కొత్తగా నున్నటి ఎర్ర గచ్చు చేయించాం. మెరిసిపోతుంటే దాని మీద వాడి మట్టి కాళ్లేంటని, మెట్ల కింద గొట్టానికి కట్టేశాను. మొదటి రోజు అరిచాడు, రెండో రోజు ఏడ్చాడు, మూడో రోజు నోరు మూసుకున్నాడు. బుద్ధొచ్చిందనుకున్నాను చూడు, నా తెలివి. నాలుగో రోజు గిన్నె పెడదామని వంగితే తాడు వాడి కాలికి మెలిపడి ఉంది. విప్పుదామని లాగాను. ఒక్కటే పట్టు, ఇదిగో ఈ మణికట్టు. వదిలేసి వాడే గోడ మూలకి పోయి వణికాడు.

మీ తాత కొట్లో ఉన్నాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. దారంతా నా భయం కాటు గురించి కాదే, వదిన గురించి. ఊరంతా తిరిగి కట్టేయకండి కట్టేయకండి అని చెప్పే మనిషికి, సొంత మరదలు నాలుగు రోజులు కట్టేసి కరిపించుకుందంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ తలుపు ముందు బల్ల మీద ఇంకో పది మంది, అందరూ తెలిసినవాళ్లే. వదిన నా చెయ్యి కుళాయి కింద పెట్టింది. "ఏ కుక్క?" అంది. "ఏదో వీధి కుక్క" అన్నాను. "రంగు?" "గోధుమ." చూశావా, అబద్ధం చెప్పాలన్నా రంగు మార్చి చెప్పే తెలివి లేదు. "ఎటు పోయింది?" "అటు." నా మణికట్టుకేసి చాలాసేపు చూసింది. "వీధి కుక్క పిక్క పట్టుకుంటుంది గదా, చెయ్యెలా అందింది, వంగావా?" అంది. చెప్పు తెగితే వంగానన్నాను. ఆ మాట కోసం ఇంటికెళ్లి, బంగారంలాంటి చెప్పు, నా చేత్తో నేనే తెంపుకున్నాను. నవ్వకు. ఒక అబద్ధానికి చెప్పులు తొడిగితే ఊరంతా తిరుగుతుంది.

అప్పుడావిడ ఒక మాట చెప్పింది. "కళ్లముందుండే కుక్కయితే దాన్ని పది రోజులు చూస్తాం. అది బాగుంటే నీకు సూదులు మధ్యలో ఆపేయొచ్చు. పారిపోయిన కుక్కయితే పద్నాలుగూ పడాల్సిందే. బాగా గుర్తు తెచ్చుకో." గుర్తుకు రావట్లేదన్నాను. రోజూ వెళ్లాను, రోజూ పొడిపించుకున్నాను. రోజూ సూది తీసేటప్పుడు నా మొహంలోకి చూసి "ఏమైనా గుర్తొచ్చిందా?" అనేది. తేలు కుట్టిన దొంగలా నేను గోడకేసి చూసేదాన్ని. ఇంట్లో దొర నిక్షేపంలా తిని తిరుగుతున్నాడు, నేను పొట్ట పట్టుకుని మంచమెక్కాను. పద్నాలుగు సార్లు అడిగింది, లెక్కేసుకో. పద్నాలుగో రోజు అడగలేదులే, పదమూడు. ఆ రోజు దూది పెట్టి "అయిపోయింది, వెళ్లు" అంది అంతే.

అక్కడితో పోతే నా పొట్టతో పోయేది. అదే నెలలో బడి దగ్గర ఒక పాపని కుక్క కరిచింది. ఊరు అట్టుడికిపోయింది. అది కలప అడితీ వాళ్ల గొలుసు కుక్క, తెంచుకుని వచ్చింది. కానీ గొలుసు సంగతి ఎవడికి కావాలి? వీధి కుక్కలన్నిటినీ పట్టించేయాలని మున్సిపాలిటీలో మీటింగు పెట్టారు. వదిన నీలం పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరింది, నన్నూ తోడు రమ్మంది. రానని ఏ వంక పెట్టను? ఆవిడ నిలబడి చదివింది. ఎప్పుడూ పది మంది ముందు మాట్లాడిన మనిషి కాదు. "ఈ మూడు నెలల్లో నలభై మూడు కాట్లు. ముప్ఫై ఎనిమిది కట్టేసిన కుక్కలవి. నాలుగు, ఈనిన తల్లుల దగ్గరికి పిల్లల్ని ఎత్తుకుందామని వెళ్తే కరిచినవి. వీధి కుక్కల్ని పట్టుకుపోతే కాట్లు తగ్గవండీ. కట్టేసిన వాటిని రోజుకో గంట తిప్పండి. మిల్లు మైదానం పొద్దున పూట వదిలేయించండి, నేను దగ్గరుండి చూసుకుంటాను." అందరూ వింటున్నారే. నిజంగా వింటున్నారు. వెనక ఎవరో "ఈవిడ చెప్పేది సబబే" అన్నారు కూడా. అధ్యక్షుడు లావుపాటి మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. పుస్తకం తెప్పించుకుని వేలితో గీసుకుంటూ వచ్చాడు. "ముప్ఫై ఎనిమిదీ నాలుగూ నలభై రెండేనమ్మా. ఆ ఒకటి?" అన్నాడు. ఆయనే చదివాడు. "వీధి కుక్క. రెచ్చగొట్టింది లేదు. మణికట్టు. ఇది మీ మరదలి పేరు కదూ? ఏమ్మా, ఇక్కడే ఉన్నావుగా, నువ్వే చెప్పు. వీధి కుక్కేనా?"

హాలు హాలంతా నావైపు తిరిగింది. చెప్పొచ్చు. ఒక్క మాట. మా దొరేనండీ, నేనే కట్టేశానండీ అంటే అయిపోయేది. నవ్వేవాళ్లు, నవ్వి ఆవిడ మాట వినేవాళ్లు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ముందు చెయ్యి కొంగులో దాచుకున్నాను. తరవాత అవునన్నట్టు తలూపాను. వదిన నా మొహం చూడలేదు, కొంగులో చేతికేసి చూసింది. ఆవిడకి తెలుసు. మొదటి రోజు కుళాయి కిందే తెలుసు. చెప్పచ్చుగా ఆవిడైనా? చెప్పలేదు. "రాసింది నేనే" అని పుస్తకం తీసుకుని మూసేసింది. "సొంత ఇంటివాళ్లనే కాపాడుకోలేని మనిషి ఊరికి చెప్పొచ్చింది" అన్నాడెవడో. ఆ మాటకి నవ్వారు చూడు, ఆ నవ్వు.

మర్నాడే కుక్కల్ని పట్టే బండి వచ్చింది. పొడుగు కర్రకి తీగ ఉచ్చు. మూడు రోజులు తిరిగారు. ఒంటి చెవోణ్ణి పట్టడానికి వాళ్లసలు వెతకలేదు. ఐదున్నరకి ఎక్కడుంటాడో అందరికీ తెలుసుగా. అక్కడే నిలబడ్డారు. ఆవిడ తలుపు తీసేసరికి ఉచ్చు పడిపోయింది. అరవలేదట, ఆవిడ వచ్చింది కదా తీసేస్తుందనుకున్నాడో ఏమో. ఇది నేను చూడలేదు, పక్కింటి మంగలాయన భార్య చెప్పింది. ఆ రోజు కూడా వదిన ఆరు కుక్కల్నీ తిప్పింది. మా ఇంటికొచ్చి దొరని విప్పుకుపోతూ నాతో ఏమందో తెలుసా? "చెయ్యి మానిందా?" అంది. అంతే. తిట్టి ఉంటే బావుండేదే. నేను ఏడ్చి, కాళ్లు పట్టుకుని, చెప్పేసేదాన్ని. తిట్టని మనిషికి ఎక్కడ మొదలెట్టి చెప్తావు?

ఆ తరవాత నేనూ ఆవిడతో వెళ్లడం మొదలెట్టాను. అడిగి వెళ్లలేదు, ఓ పొద్దున రెండు తాళ్లు నా చేతికిచ్చింది. ఐదేళ్లు. మైదానం గేటుకి తాళమేస్తే రైలు కట్ట వెంట తిప్పాం. మెల్లమెల్లగా జనమే వాళ్ల కుక్కల్ని వాళ్లు తిప్పుకోవడం నేర్చుకున్నారు, కలప అడితీ వాళ్లతో సహా. పచ్చ తలుపు ముందు బల్ల మీద జనం పల్చబడ్డారు. ఐదేళ్లూ రోజూ, ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ బయల్దేరడం, ఆ మలుపు దాటాక, ఈ గోడ దాటాక అనుకుంటూ ఇంటికొచ్చేయడం. అందుకే నాకీ కాళ్లు నిలవకపోవడం, ఏమనుకున్నావు.

ఇంకేముంది, ఆవిడకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అదే ఆసుపత్రి, మేడ మీద గది. డాక్టరు మీ తాతని వరండాలోకి పిలిచి మాట్లాడాడు, అర్థమైంది. నేనొక్కదాన్నే లోపలున్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని, చెయ్యి పట్టుకుని, "వదినా, ఆ రోజు నన్ను కరిచింది..." అన్నాను. అంతదాకా వచ్చిందే, నోట్లోకి వచ్చేసింది. ఆవిడ కళ్లు తెరిచి, నా మాట విందో లేదో, "దొరని తిప్పావా ఇవాళ?" అంది. రెండు రోజులుగా ఆసుపత్రిలోనే పడున్నాను, ఎక్కడ తిప్పుతాను? ఇంట్లో కట్టేసి ఉన్నాడు. "తిప్పాను వదినా" అన్నాను. "మంచిది" అని కళ్లు మూసుకుంది. ఇప్పుడే వస్తానని మెట్లు దిగి ఇంటికి పరిగెత్తాను. మిట్టమధ్యాహ్నం, గచ్చు కాలిపోతోంది. దొరకి అప్పటికి మూతి నెరిసింది, నడవలేకపోతున్నాడు, అయినా విప్పి రైలు కట్ట చివరిదాకా తిప్పాను. ఆ మాటనైనా నిజం చేద్దామని. తిరిగి వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. మీ తాత గోడకానుకుని, "ఎక్కడికి పోయావే, నిన్ను రెండుసార్లు అడిగింది, ఏదో చెప్తోంది కదా, చెప్పమను అంది" అన్నాడు.

...

మబ్బేసింది చూడు. పైన బట్టలు తీశావా? లే, లే, నేనే వెళ్తాలే.