బ్లూ మ్యూల్ నుంచి టపాలో వచ్చిన డెల్బర్ట్

డెల్బర్ట్ స్పూనర్ నోట్లోంచి నిజం రావడమంటే నెవాడా ఎడారిలో వాన పడటం లాంటిది. పడుతుంది. కానీ దానికోసం గొడుగు కొనుక్కునేంత కాదు.

శనివారం పొద్దున్నే డైనర్‌లో కిటికీ పక్క బల్ల వీళ్లదే. డెల్బర్ట్ బంగారు గనిలో ఇల్లంత ట్రక్కులు తోలి రిటైరయ్యాడు. షాబియర్‌ది స్పెయిన్ వైపు నుంచి వచ్చి ఇక్కడ గొర్రెలు కాసిన బాస్కు కుటుంబం. ఇమోజీన్ అయితే జుట్టు నెరిసేదాకా ఊళ్లో పోస్టాఫీసు నడిపింది. ముగ్గురికీ ఒకటే పిచ్చి, పాత గని ఊళ్ల కవర్లు. బంగారం దొరికితే పుట్టి, అయిపోతే చచ్చిన ఊళ్లు కదా, ఇళ్లు పోతాయి, జనం పోతారు, ఊరి పేరు మాత్రం ఎక్కడో ఒక కవరు మీద పోస్టు ముద్రలో మిగులుతుంది. అదంటే వీళ్లకి ప్రాణం.

అయితే ఇవాళ లెక్క వేరు. గని కార్మికుల పండక్కి లైబ్రరీ ముందు అద్దాల పెట్టెలో ఒకే ఒక్క కవరు పెడతారు. ఏది పెట్టాలన్నది ఇమోజీన్ మాట. ఏటా షాబియర్‌దే వెళ్తుంది, ఎందుకంటే వాడి ప్రతి కవరు వెనకా వాళ్ల తాత కథ ఒకటి ఉంటుంది. ఈసారి డెల్బర్ట్ దగ్గరున్నది మామూలు సరుకు కాదు. బ్లూ మ్యూల్ అనే ఊరి ముద్ర. ఆ ఊరు మంచు కరిగాక లేచి, మళ్లీ మంచు పడేలోపే తగలబడిపోయింది. ఆ ముద్రతో ఇంకో కవరు ఉందని ఎవరూ విన్లేదు. కానీ దానికి కథ లేదు. కథ లేకపోతే పెట్టె ఎక్కదు. సరే, కథే కదా, పుట్టిస్తే పోలా అనుకున్నాడు డెల్బర్ట్.

ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కవర్ని బల్ల మీద పెట్టి, కాఫీ ఒక గుక్క తాగి మొదలెట్టాడు.

"ఏం లేదు, బ్లూ మ్యూల్ లోయలోకి ఒక్కణ్నే నడిచెళ్లా. అంతే."

"ఒక్కడివే?" అన్నాడు షాబియర్. "తపాలా పెట్టెదాకా కూడా ట్రక్కులో వెళ్తావు కదరా నువ్వు."

"ఆ రోజు గాలికి ట్రక్కు నిలబడలేదు. తాడేసి బండకి కట్టా. బండ కొట్టుకుపోయింది. సరే అని నడిచా. గాలి ఎంతంటే నా నీడ ఎగిరిపోయింది, మధ్యాహ్నందాకా నీడ లేకుండానే నడిచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీడ తిరిగొచ్చింది," అంది ఇమోజీన్ చపాతీలా వెడల్పున్న పాన్‌కేక్ కోసుకుంటూ.

"వచ్చింది మేడం, కానీ నాది కాదు. ఎవడిదో సన్నటిది. దాన్ని చూసుకుంటూ మురిసిపోతుంటే కాలు పాత గని గోతిలో పడింది. పడ్డా. పడుతూనే ఉన్నా. ఎంత లోతంటే మధ్యలో ఆకలేసింది. జేబులో చొరీసో సాసేజ్ శాండ్‌విచ్ ఉంటే తిన్నా. కాసేపు కునుకు తీసి లేచి చూస్తే ఇంకా పడుతూనే ఉన్నా."

షాబియర్ వంగి బల్ల కింద చూశాడు. "మరి ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయే?"

"అడుగున ఉత్త నేలే ఉంటే విరిగేవి. అడుగున పోస్టాఫీసు ఉంది." డెల్బర్ట్ గొంతు తగ్గించాడు. పక్క బల్లవాళ్లు కూడా ఫోర్కులు ఆపారు. అది చూసి వాడికి ఇంకాస్త ఊపొచ్చింది. "ఊరు తగలబడిన రోజు పోస్టాఫీసు కాల్లేదబ్బాయ్, నేల కుంగి నిలువునా లోపలికి దిగిపోయింది. కౌంటరు, తక్కెడ, పొయ్యి, అన్నీ అలాగే. పోస్టుమాస్టరు కూడా అలాగే. గడ్డం పెరిగి పొయ్యి చుట్టూ తిరిగి గొట్టంలోంచి పైకెళ్లిపోయింది. నన్ను చూసి ఏమన్నాడనుకున్నారు?"

"ఏమన్నాడు?"

"లైన్లో నిలబడు, అన్నాడు."

ఇమోజీన్ మొదటిసారి నవ్వింది. "వాడు నిజంగా పోస్టుమాస్టరే."

ఆ నవ్వు చూసి డెల్బర్ట్ అద్దాల పెట్టె తాళం అప్పుడే చేతికొచ్చినట్టు ఫీలయ్యాడు. ఇక ఆగుతాడా.

"నా వెనకా ముందూ ఎవరూ లేరు మేడం, అయినా నిలబడ్డా. అప్పుడు ఈ కవరు తీశాడు. ఇదే. నా కళ్లముందే ముద్ర కొట్టాడు. పోయిన వసంతంలో ఊళ్లో భూమి కదిలి మీ గిన్నెలు పడ్డాయే, అది భూకంపం అనుకున్నారు కదా? కాదు. ఆ ముద్రే. కొట్టి నా చేతికిచ్చి, బాబూ, టపా మోసే కంచరగాడిద కోసం చూసీ చూసీ విసిగిపోయా, ఇది నువ్వే చేర్చు, అన్నాడు."

"మరి పైకెలా వచ్చావు?" అన్నాడు షాబియర్.

"అక్కడ్నించి మనుషులు బయటికి పోకూడదట, టపా మాత్రమే పోవాలట. రూలు. అందుకని నన్ను తక్కెడలో తూచి, నుదుటి మీద స్టాంపు అంటించాడు. ఒకటి చాల్లేదు, నుదురు నిండిపోతే బుగ్గలకి కూడా. ముద్ర కొట్టి నన్ను టపాలో వేసేశాడు. కింద వేడినీటి ఊట ఉందిగా, అది ఒక్క తన్ను తన్నింది. వచ్చి సరిగ్గా మా ఇంటి తపాలా పెట్టెలో పడ్డా. తల బయటికి, కాళ్లు లోపలికి."

"నుదుటి మీద ముద్ర ఏదిరా?"

"ఎండకి వెలిసిపోయింది."

పక్క బల్ల అంతా గొల్లుమంది. డెల్బర్ట్ కుర్చీలో వెనక్కి వాలాడు. షాబియర్ తాత కథల్లో గొర్రెలు తప్ప ఏముంటాయి, ఈసారి పెట్టె నాదే అని లోపల్లోపలే డిసైడైపోయాడు.

ఇమోజీన్ నాప్కిన్‌తో చేతులు తుడుచుకుంది. "కథ బాగుంది డెల్బర్ట్. రెండు ముక్కలు అడుగుతా. ముద్ర నీ ముందే పడింది?"

"నా ముందే."

"చేర్చమని నీకిచ్చాడు?"

"నాకే."

"కవరు మీద మిసెస్ టల్లీ, శాక్రమెంటో అని అడ్రసుంది. చేర్చావా మరి?"

డెల్బర్ట్ వెనక్కి వాలిన కుర్చీని ముందుకి లాక్కున్నాడు.

"చేర్చలేదంటే ఇది ఇంకా టపాలోనే ఉన్నట్టు," అంది ఇమోజీన్. "టపాలో ఉన్న ఉత్తరం నీది కాదు, నాది కాదు, మిసెస్ టల్లీది. ఆవిడ వారసులు ఎక్కడో ఉంటారు, వెతికి పంపిస్తా. ఇలా ఇవ్వు." చెయ్యి చాచింది.

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. సొంత మరిది వచ్చి పార్సెల్ అడిగినా గుర్తింపు కార్డు చూపించందే ఇవ్వని మనిషి. డెల్బర్ట్ అరచెయ్యి దానంతటదే వెళ్లి కవరు మీద పడింది.

"అంటే మేడం... చేర్చా. ఆవిడే వద్దంది."

"వద్దంటే పంపినవాడికి తిరిగివ్వాలి. పద, మళ్లీ గోతిలో దూకు. శాండ్‌విచ్ నేను కట్టిస్తా."

ఈసారి డెల్బర్ట్ తప్ప అందరూ నవ్వారు. వాడు కవరు వంక చూశాడు. గోధుమరంగు కాగితం, వంకర స్టాంపు, సగం చెరిగిన బ్లూ మ్యూల్. కథ కావాలంటే ఇది పోతుంది. ఇది కావాలంటే కథ పోతుంది. కథలదేముంది, రేపు పొద్దున్నకి ఇంకోటి వస్తుంది.

"చర్చి బేస్‌మెంట్‌లో పాత సామాన్ల సేల్లో దొరికింది," అన్నాడు మెల్లగా. "మా ఆవిడ చొక్కాకి గుండీలు కావాలంటే గుండీల డబ్బా కొన్నా. అడుగున ఇది పరిచి ఉంది."

"చించి ఉందా, అతికించి ఉందా?"

"చక్కగా కత్తెరతో కోసి ఉంది. లోపల ఉత్తరం లేదు."

"అంటే మిసెస్ టల్లీ చదివింది," అంది ఇమోజీన్, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "చదివి, దాచుకుంది. శాక్రమెంటోదాకా పోయిన కవరు ఎవరి గుండీలతోనో మళ్లీ మన కొండల దగ్గరికే వచ్చింది. నాకు ఇది చాలు. పెట్టెలో ఇదే పెడదాం."

షాబియర్ డెల్బర్ట్ ప్లేట్లోంచి ఒక బేకన్ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

"కవరు కింద చీటీ నేను రాస్తా," అన్నాడు నములుతూ. "గుండీల డబ్బాలో దొరికింది. ఇంతే కదా?"

"ఇంతే," అన్నాడు డెల్బర్ట్. నిజం చెప్పేశాక ఒళ్లు తేలిగ్గా ఉంది, కాఫీ కూడా ఇంకా వేడిగానే ఉంది. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. ఇక ఉండలేకపోయాడు.

"కానీ ఎంత డబ్బా అనుకున్నారు, లోపలికి దిగడానికి నిచ్చెన వెయ్యాల్సొచ్చింది."